బడిలో మొదటి విద్యార్థి

నాకు చిరకాల మిత్రులైన ఒక మాష్టారు ఉన్నారు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచిపెట్టినప్పుడు ఆయనకూ ఒకటి వచ్చింది. దానిని రెండు వారాలపాటు బీరువాలోంచి తీయలేదట. తీస్తే తనకు రాదన్న సంగతి పిల్లలకు తెలిసిపోతుందని భయం. చివరికి ఒకనాడు ధైర్యం చేసి, ముందు బెంచీలోని ఒక అమ్మాయిని పిలిచి, "ఇది ఎలా తెరవాలో కాస్త చూపించమ్మా" అని అడిగారు. ఆ పిల్ల ఆశ్చర్యపోయి, "మీకూ రాదా సార్?" అంది.

ఆ మాటలో వెక్కిరింత లేదనీ, ఏదో పెద్ద బరువు దిగిన ఊరట వినబడిందనీ మాష్టారు నాతో అన్నారు. తరువాతి వారంలో, ఏడాది పొడుగునా నోరు విప్పని ఇద్దరు ముగ్గురు పిల్లలు లేచి నిలబడి, "ఇది నాకు అర్థం కాలేదు సార్" అన్నారట. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో తాను చెప్పిన ఏ నీతిపాఠమూ చేయలేని పని అది.

మారుతున్న లోకానికి తగిన నైపుణ్యాలను గురించి ఎవరు ఉపన్యసించినా నాకు ఈ సంఘటనే గుర్తుకు వస్తుంది.

మన తరం వారికి ఈ "తగిన నైపుణ్యం" అన్న మాట కొత్తది కాదు. ఒకప్పుడు అది టైపు, షార్ట్‌హ్యాండు. లోయరు, హయ్యరు పాసైతే జీవితం గట్టెక్కినట్టే అనుకునేవారు. ఆ తరువాత డీటీపీ వచ్చింది. ఆపై వీధి వీధినా కంప్యూటరు కోర్సుల బోర్డులు వెలిశాయి. ఒక్కొక్క నైపుణ్యమూ వచ్చినంత వేగంగానే పాతబడింది. పైన చెప్పిన ట్యాబ్‌ల సంగతే చూడండి. అవి పిల్లల చేతికి రావడానికి సరిగ్గా మూడు వారాల ముందు, 2022 నవంబరు 30న, చాట్‌జీపీటీ లోకానికి విడుదలైంది. వీడియో పాఠం చూడటమే ఆధునికత అనుకొని మనం సిద్ధమయ్యేలోగా, అడిగిన ప్రశ్నకు జవాబు రాసిపెట్టే యంత్రం వచ్చి కూర్చుంది. ఇక పిల్లవాడికి కావలసింది జవాబు కాదు. ఆ జవాబు నిజమో కాదో అనుమానించగల బుద్ధి, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోగల నిబ్బరం.

ఈ రెండూ పాఠ్యపుస్తకంలో అచ్చువేసి అందించగలిగేవి కావు. ఎవరో ఒకరు కళ్ళెదుట నేర్చుకుంటూ ఉంటే చూసి అలవరచుకొనేవి. బడిలో పిల్లలు రోజుకు ఆరేడు గంటలు చూసే పెద్దమనిషి ఉపాధ్యాయుడే. ఆయన నేర్చుకుంటూ కనబడకపోతే, నేర్చుకోవడమన్నది పరీక్షతో ముగిసిపోయే వ్యవహారమని వాళ్ళు తీర్మానించుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మనకు ఇటువంటి ఉపాధ్యాయుడు లేకపోలేదు. ఏటా ఆగస్టు 29న మనం దండ వేసే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులే. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను, వ్రాతలో లేని భాషను, మాట్లాడేవారి నోటినుండి తానే నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు కూర్చి, బడులు పెట్టారు. ముఖలింగం గుడిలోని శాసనాలు చదవడమూ స్వయంకృషితో అలవరచుకొన్నదే. బడుల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర తెలుగు బోధనను గురించి లేవనెత్తిన సందేహాలు ఆయనను వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించేనాటికి పంతులుగారి వయసు నలభై దాటింది. ఆ వయసులో తన నమ్మకాలను తానే తిరిగి పరీక్షించుకొని, శేషజీవితమంతా ఆ వాదానికి ధారపోశారు. మనం ఆయనను భాషావేత్తగా స్మరిస్తాం. ఒక విద్యార్థిగా కూడా స్మరించవలసి ఉంది.

మరి నేటి వ్యవస్థ ఉపాధ్యాయుణ్ణి అలా విద్యార్థిగా ఉండనిస్తోందా? 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభ్యసనలో గడపాలని చెప్పింది. మంచి మాటే. అయితే ఆ గంటల్లో చాలాభాగం ఫోనులో వీడియోను దాని మానాన నడవనిచ్చి, చివర వచ్చే ప్రశ్నలకు గ్రూపులో తిరిగే జవాబులు నొక్కి, సర్టిఫికెట్టు దింపుకోవడంతో సరిపోతోందని ఉపాధ్యాయ మిత్రులే చెబుతారు. స్కూలు కాంప్లెక్సు సమావేశాలు ఒకరి అనుభవం ఒకరు పంచుకోవడానికి ఉద్దేశించినవి. సర్క్యులర్లు చదివి వినిపించడంతోనే ముగిసిన సమావేశాలను గురించి ఎన్నిమార్లు విన్నానో! ఇక సాంకేతిక నైపుణ్యం మాటకొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళపాటు ఉపాధ్యాయుల చేత బడి మరుగుదొడ్ల ఫోటోలు తీయించి యాప్‌లోకి ఎక్కించారు. ఫోను వాడకం నేర్పినట్టే లెక్క కాబోలు!

అంతకన్నా లోతైన సంగతి మరొకటి ఉంది. పదవ తరగతిలో 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు ఏడాది పొడుగునా పిల్లవాడు చేసిన పనికి కేటాయించారు. ప్రాజెక్టు చేశాడా, సొంతంగా ఆలోచించి రాశాడా, చదివినదాన్ని గురించి మాట్లాడగలడా అన్నది ఆ 20 మార్కుల్లో చూడాలి. మనమంతా కలవరించే "నైపుణ్యాలు" ఇవే కదా! కానీ అందరికీ నిండుగా వేసేస్తున్నారన్న ఆరోపణ వచ్చింది. అది నిజం కూడా. 2019లో ఆంధ్రప్రదేశ్ ఆ 20 మార్కులను ఎత్తివేసింది. కొలిచే మనిషికి కొలవడం నేర్పించి, అతని తీర్పుకు విలువ కట్టే దారి ఒకటి ఉండగా, కొలతనే తీసేయడం సులభమని తోచింది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఉద్యోగవిరమణకు అయిదేళ్ళకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేళ్ళలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని తీర్పునిచ్చింది. పిల్లలకు అర్హత కలిగిన గురువు దొరకాలన్న ఆశయంతో ఎవరికీ పేచీ ఉండదు. కానీ పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఇప్పుడు కోచింగు పుస్తకం ముందేసుకొని బిట్లు బట్టీ పడుతుంటే, అతని తరగతిలోని పిల్లలు ఏం గ్రహిస్తారు? పెద్దలకైనా చదువంటే ఇదే కాబోలు అనుకోరా?

జీతాలు తీసుకొని నేర్చుకోవడానికి బద్ధకించే ఉపాధ్యాయులు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. అటువంటివారు ప్రతి వృత్తిలోనూ ఉన్నారు. అయితే ఒక్కసారి మన సంగతే గుర్తు చేసుకోండి. కంప్యూటరులో తెలుగు రాయడం మనకు ఏ శిక్షణాశిబిరం నేర్పింది? ఎక్స్‌పీ డిస్కు పెట్టి కాంప్లెక్స్ స్క్రిప్టు ఫైళ్ళు ఎక్కించుకోవడం దగ్గరనుండి, లేఖినిలో వత్తులు కుదరక తంటాలు పడటం, ఇన్‌స్క్రిప్టు మీటలు ఎక్కడున్నాయో వెతుక్కోవడం వరకు, ఒకరినొకరు అడిగి నేర్చుకున్నాం. మనకు మూడు వసతులు ఉండేవి. రాయాలన్న అవసరం, అడగడానికి ఒక తోడు, తప్పు రాసినా పరువు పోదన్న భరోసా. ఉపాధ్యాయుడికి మొదటిది ఎలాగూ ఉంది. మిగిలిన రెండూ మనం ఇవ్వవలసినవి. వారానికి ఒక్క పీరియడైనా ఏ రిపోర్టూ పంపనక్కరలేకుండా, తోటివారి తరగతిలో వెనక బెంచీన కూర్చొని గమనించే వెసులుబాటు కల్పిస్తే, అది ఎన్ని ట్యాబ్‌లకు సాటి వస్తుందో నేను చెప్పనక్కరలేదు.

మా మాష్టారి కథ అక్కడితో ముగియలేదు. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి, పిల్ల చూపిస్తుండగా ఆయన ట్యాబ్ మీద వేలు పెట్టి నేర్చుకోవడం చూశారట. "పిల్లల చేత చెప్పించుకుంటారా? తరగతి మీద అదుపేముంటుంది?" అని అందరి ఎదుటా మందలించి వెళ్ళారు. మొన్న కలిసినప్పుడు, ఇప్పటికీ అడుగుతున్నారా అన్నాను.

"అడుగుతున్నానండీ," అన్నారు. "కాకపోతే తలుపు దగ్గరగా వేసి అడుగుతున్నాను."

ఆ తలుపు తెరచి ఉంచగలిగిన నాడే మన బడి మారుతున్న లోకానికి సిద్ధమైనట్టు. మీరేమంటారు?