ఆఫ్రికాఖండ భవిష్యత్తు

ఆఫ్రికా యనగానే మనలో పెక్కుమందికి ఎడారియు, కారడవియు, క్షామమును మాత్రమే స్ఫురించును. విద్యార్థు లీ యభిప్రాయమును సవరించుకొనుట మేలు. ఆ ఖండమున నేడు 140 కోట్లకు మించిన జనులు గలరు; అందు రమారమి సగముమంది ఇరువదేండ్లలోపువారు. ఇంత లేబ్రాయపు ఖండము లోకమున వేఱొకటి లేదు. వీరికి పని దొరకునా, దొరకదా యనునదే ఆ ఖండముయొక్క భవిష్యత్తు.

1884-85 సంవత్సరములందు బెర్లినులో గూడిన యూరపు రాజ్యములు ఆఫ్రికాను పంచుకొనుటకు నియమము లేర్పరచెను. ఆ సభలో ఆఫ్రికా ప్రజల ప్రతినిధి యొక్కడును లేడు. పిదప పరప్రభుత్వములు వేసిన రైలుదారులలో పెక్కు గనులనుండియు తోటలనుండియు రేవులకు బోవునవే గాని, ఇరుగుపొరుగు దేశములను గలుపునవి కావు. 1957లో ఘానా స్వతంత్రమయ్యెను. దాని నాయకుడు క్వామే ఎన్‌క్రూమా ఖండమంతయు నొక్కటి కావలెనని బోధించెను. క్రమముగా అన్నిచోట్లను జెండాలు మారినవి. వర్తకపు దారులు మాత్రము అంతగా మారలేదు.

ఒక్క నిదర్శనము చాలును. లోకమున పండు కోకోగింజలలో సగమునకు మించి ఐవరీకోస్టు, ఘానా దేశములలోనే పండుచున్నవి. అందు పెద్దభాగము పరదేశములకు బోయి చాక్లెట్టగును. లాభములో హెచ్చుపాలు అచ్చటనే నిలుచును. ఒకప్పుడు మనదేశమును ప్రత్తి నంపి బట్ట కొన్నదే గదా! ముడిసరకు నమ్మువాడు పరులు చెప్పిన ధరకు లోబడును. వస్తువు చేయువాడు తన ధర తాను చెప్పును.

ఆఫ్రికాలో ప్రజాప్రభుత్వము నిలువదని కొందఱందురు. 2020 మొదలు మాలి, బుర్కినాఫాసో, నైజరు దేశములందు సేనానులు అధికారమును హరించిన మాట నిజమే. కాని బోట్స్‌వానాను జూడుడు. 1966 నుండి యేలిన పక్షము 2024 ఎన్నికలలో నోడి, రక్తపాతము లేక అధికారము నప్పగించెను. ఆ దేశము వజ్రముల ఆదాయమును బడులకును, బాటలకును వెచ్చించినదని గూడ గమనింపదగును.

2018లో కిగాలీ నగరమున ఆఫ్రికా దేశములు ఖండమంతటికిని ఒకే స్వేచ్ఛావిపణి నేర్పరచు నొడంబడికపై సంతకము చేసినవి. 2021 జనవరి 1 నుండి యది ఆచరణకు వచ్చినది. సంతకము సులభము, సరిహద్దు ఠాణావద్ద సరకుబండి దినములకొలది నిలిచిపోకుండ జేయుట కష్టము. ఆ కష్టమునకు బూనుకొనిన ప్రభుత్వములే తమ యువజనులకు బ్రతుకుదెరువు చూపగలవు. రాజకీయ స్వాతంత్ర్యము తలుపు తెఱచినది. ఇల్లు నిలుపునది మాత్రము కర్మాగారమును, బాటయు, బడియునే యని మా నమ్మిక.