మన టీవీ కంపెనీలన్నీ ఏమైపోయాయి?

పాత టీవీల సంగతి ఎవరన్నా ఎత్తితే చాలు, అందరూ లిస్టు మొదలుపెడతారు. డయనోరా, సాలిడేర్, వెస్టన్, క్రౌన్, బీపీఎల్, ఒనిడా (ఆ కొమ్ముల దెయ్యాన్ని ఎవరు మర్చిపోతారు!), వీడియోకాన్... హైదరాబాదు వాళ్ళయితే కాస్త గర్వంగా ఈసీ టీవీ పేరు కలుపుతారు. ఆ తర్వాత మామూలే. "1991లో గేట్లు తెరిచారు, కొరియా వాళ్ళొచ్చి అందర్నీ తినేశారు" అని ఒకరంటారు, మిగతావాళ్ళు తలూపుతారు, టాపిక్ అయిపోతుంది.

నాకెందుకో ఈ కథ సగమే నిజం అనిపిస్తుంది. 1995లో శామ్‌సంగ్, 1997లో ఎల్జీ వచ్చి మార్కెట్ లాగేసుకున్న మాట వాస్తవమే. కానీ బ్రాండ్ పోతే పోయింది స్టిక్కరే కదా. బయటివాడు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టి, ఇక్కడి భాగాలు కొని, ఇక్కడివాళ్ళకి జీతాలిస్తే నాకు పెద్ద అభ్యంతరం లేదు. అసలు దెబ్బ తగిలింది స్టిక్కర్ మీద కాదు, డబ్బా లోపల.

కాస్త వెనక్కి వెళ్దాం. అణుశక్తి శాఖ కింద 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టారు. దాని వెనకున్న మనిషి ఏ.ఎస్. రావు గారు (ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండేవాళ్ళలో ఎంతమందికి ఆయనెవరో తెలుసో మరి). 1975-76లో ఉపగ్రహం నుంచి నేరుగా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకి టీవీ కార్యక్రమాలు చూపించిన 'సైట్' ప్రయోగానికి సెట్లు తయారుచేసింది ఈసీఐఎలే. ఆ ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

1982 ఏషియాడ్‌తో కలర్ వచ్చింది. మొదట్లో కిట్లు దిగుమతి చేసుకుని బిగించినా, తర్వాత పిక్చర్ ట్యూబులు ఇక్కడే చెయ్యడం నేర్చుకున్నారు. ఘాజియాబాద్‌లో శామ్‌టెల్, మొహాలీలో జేసీటీ. ట్యూబుకి కావలసిన గాజు కూడా రాజస్థాన్ కోటాలో శామ్‌కోర్ వాళ్ళు చేసేవాళ్ళు. టీవీ ఖరీదులో పెద్ద వాటా ట్యూబుదే, అది మన చేతుల్లో ఉండేది.

ఇక 2004కి రండి. థాయిలాండ్‌తో ఒప్పందంలో భాగంగా 82 రకాల వస్తువుల మీద సుంకం తగ్గిస్తూ 2006 సెప్టెంబర్‌కల్లా సున్నా చేశారు. ఆ 82లో కలర్ టీవీలూ ఉన్నాయి, పిక్చర్ ట్యూబులూ ఉన్నాయి. సోనీ వెంటనే లెక్కేసుకుంది, అదే సంవత్సరం హర్యానాలో టీవీలు చెయ్యడం ఆపేసి థాయిలాండ్ నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టింది. ఎవరైనా అదే చేస్తారు. ఇక్కడ ట్యూబు చేసేవాడు ముడిసరుకు మీద సుంకం కట్టాలి, అక్కణ్ణించి తయారైన ట్యూబు తెచ్చుకునేవాడు ఏమీ కట్టక్కర్లేదు. ఇంక ఇక్కడ చెయ్యడం దేనికి?

అయినా నేరమంతా థాయిలాండ్ మీద వెయ్యలేం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. బీజింగ్‌లో బీఓఈ అనే కంపెనీ ఉంది, పుట్టింది ఒక పాత వాక్యూమ్ ట్యూబుల సర్కారు ఫ్యాక్టరీలోంచి. వాళ్ళు 2003లో కొరియాలో హైందయ్ వాళ్ళ ఎల్‌సీడీ విభాగాన్ని, హైడిస్‌ని, సుమారు 38 కోట్ల డాలర్లకి కొన్నారు. సరిగ్గా రెండేళ్ళకి, 2005లో, మన వీడియోకాన్ కూడా విదేశాల్లో పెద్ద కొనుగోలు చేసింది. ఏం కొంది? ఫ్రాన్స్ థామ్సన్ వాళ్ళ పిక్చర్ ట్యూబుల వ్యాపారం! వాడు పోబోయే టెక్నాలజీని వదిలించుకుంటుంటే మనవాళ్ళు దండేసి తెచ్చుకున్నారు. బీఓఈ ఇప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ప్యానెల్ తయారీదార్లలో ఒకటి. వీడియోకాన్ 2018లో దివాలా కోర్టుకెక్కింది.

బీఓఈ వెనక ప్రభుత్వం డబ్బులుండేవి కదా అంటారా? నిజమే. 2008లో హెఫెయ్ నగరపాలకులే ఫ్యాక్టరీలో వాటా పెట్టారు. ఇప్పుడక్కడ 2,940 × 3,370 మిల్లీమీటర్ల గాజు పలక మీద ఒకేసారి ఎనిమిది 65 అంగుళాల తెరలు కోస్తారు. ఆ స్థాయి పెట్టుబడి ఒక ప్రైవేటు కంపెనీ వల్ల అయ్యేది కాదు. మన సర్కారు మాత్రం ఆ పదేళ్ళూ చూస్తూ కూర్చుంది.

ఇప్పటి సంగతేంటి? తిరుపతిలో డిక్సన్ లక్షల్లో టీవీలు చేస్తోంది. హైదరాబాదు పక్కన రావిర్యాలలో రేడియంట్ వాళ్ళు చేస్తున్నారు. రావిర్యాల అంటే 2006లో సెమ్ఇండియా వాళ్ళు మూడు వందల కోట్ల డాలర్లతో చిప్పులు చేస్తామన్న ఫ్యాబ్ సిటీయే. చిప్పులు రాలేదు, టీవీలొచ్చాయి. అంతవరకూ సంతోషమే. కానీ ఈ టీవీల ఖరీదులో సగానికి పైగా 'ఓపెన్ సెల్'దే. అంటే వెనక లైటు ఇంకా పెట్టని గాజు తెర. అది దిగుమతి. చిప్పు ఎక్కువగా తైవాన్‌ది. ఆపరేటింగ్ సిస్టం చాలావాటికి గూగుల్‌ది. బయటి లైబ్రరీలు నాలుగు తెచ్చి నలభై లైన్లు మనం రాసి 'ఇన్-హౌస్ ప్రోడక్ట్' అని స్లైడ్ చేసే మేనేజర్లని చూశాం కదా, ఇదీ ఆ బాపతే.

పైగా పాలసీ నిలకడగా ఉండదు. 2017 డిసెంబర్‌లో టీవీల మీద సుంకం 10 నుంచి 20 శాతం చేశారు. 2018 బడ్జెట్‌లో ఓపెన్ సెల్ మీద 10 అన్నారు, రెండు నెలలు తిరక్కుండా 5 అన్నారు. శామ్‌సంగ్ విసుగెత్తి చెన్నై దగ్గర టీవీలు ఆపేసి వియత్నాం నుంచి తెచ్చుకుంది. 2019 సెప్టెంబర్‌లో సెల్ మీద సున్నా. 2020లో టీవీల దిగుమతికే లైసెన్సు పెట్టారు, అక్టోబర్‌లో సెల్ మీద మళ్ళీ 5. మూడేళ్ళలో ఇన్నిసార్లు మారే ఏపీఐ మీద మీరైతే ప్రోడక్ట్ కడతారా? పదేళ్ళకి గానీ డబ్బు తిరిగిరాని ఫ్యాక్టరీ వాళ్ళెందుకు కడతారు?

మన రామాలయం మైకు సెట్టు మాత్రం ఇప్పటికీ అహూజాదే, గమనించారా? 1940 నాటి ఢిల్లీ కంపెనీ. యాంప్లిఫయరూ, హార్నూ పదేళ్ళకోసారి పూర్తిగా మారిపోవు కాబట్టి బతికింది. తెరలకి ఆ అదృష్టం లేదు.

డిస్ప్లే ఫ్యాబ్‌కి సాయం చేస్తామని 2021 డిసెంబర్‌లో సెమీకండక్టర్ మిషన్‌తో పాటు ప్రకటించారు. చిప్పుల ప్రాజెక్టులు కదిలాయి, తెరలవి కదల్లేదు. 2025లో 22,919 కోట్లతో విడిభాగాల స్కీము వచ్చింది, అందులో డిస్ప్లే మాడ్యూళ్ళు ఉన్నాయి. మాడ్యూల్ అంటే తెచ్చుకున్న సెల్‌కి లైటూ షీట్లూ కలపడం. తిరుపతిలో టీసీఎల్ వాళ్ళు ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. స్క్రూలు బిగించడం కన్నా ఒక మెట్టు పైనే, కాదనను. సెల్ మాత్రం ఇంకా ఓడలోనే వస్తోంది.