వెలుగును విను యంత్రము

1880వ సంవత్సరమున గ్రాహంబెల్ ఒక వింతను కనుగొనెను. అడ్డుచు విడుచుచు వేగముగ ప్రసరింపజేసిన సూర్యకాంతి సోకిన వస్తువు ధ్వనించును. ఆ బీజము మొలకెత్తుటకు 1960లో లేజరు పుట్టవలసివచ్చెను. వైద్యమున ఫలించుటకు మఱియు నఱువదియేండ్లు పట్టెను. 2021 జనవరిలో అమెరికా ప్రభుత్వము, రొమ్ములోని గడ్డలను పరీక్షించుటకై లేజరును, అల్ట్రాసౌండును జోడించిన యంత్రమునకు అనుమతి నొసంగినది.

కాంతి దేహములో కొద్దిదూరము పోవునంతనే చెల్లాచెదరగును. ధ్వని యంతగా చెదరదు. అతిస్వల్పకాలము లేజరు కాంతిని ప్రసరింపజేయగా, నెత్తురు దానిని గ్రహించి లేశమాత్రము వేడెక్కి, వ్యాకోచించి, సూక్ష్మధ్వనిని వెలువరించును. చర్మముపై నుంచిన గ్రాహకము దానిని విని చిత్రము నేర్పరచును. ప్రాణవాయువు గల నెత్తురునకును, కోల్పోయిన నెత్తురునకును కాంతిని గ్రహించుటలో భేదము గలదు. కావున క్రొత్త రక్తనాళములను పెంచుకొని ప్రాణవాయువును హరించు దుష్టగ్రంథిని శంకించుట కిది తోడ్పడును. ఎక్స్‌రే కిరణముల భయము లేదు. అయినను కొన్ని సెంటీమీటర్ల లోతును మించి చూడజాలదు.

భారతస్త్రీలకు సోకు కేన్సరులలో రొమ్ము కేన్సరుదే అగ్రస్థానము. కావున ఈ యంత్రముపై మనకు ఆశ కలుగుట సహజమే. కాని యొక్క సంగతి మఱువరాదు. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ సైతము కాంతిని గ్రహించును. చర్మము నల్లనిదగుకొలది లోనికి జేరు వెలుగు తగ్గును; పైగా చర్మమే ధ్వనించి చిత్రమును కలుషితము చేయును. ఈ భయము నిరాధారము గాదు. వ్రేలికి దగిలించి ప్రాణవాయువును కొలుచు ఆక్సిమీటరు, రోగి యపాయమును కనిపెట్టకపోవుట తెల్లవారికన్న నల్లవారియందు సుమారు మూడురెట్లని 2020లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన తేల్చెను. పొరుగువాని కాలికి కుట్టిన చెప్పు మన కాలికి సరిపోవునా?

బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందు ఈ శాస్త్రమున పరిశోధనలు జరిగియున్నవి. శక్తి మనకు లేకపోలేదు. ఇట్టి యంత్రములను కొనుటకు ముందే, మన ఆసుపత్రులలో, రోగుల సమ్మతితో, చామనచాయ మొదలు కారునలుపు వఱకు గల దేహములపై పరీక్షించి, ఫలితములను ప్రజలకు వెల్లడింపవలయును. తయారుచేసినవాని మాటపైననే కొనిన యంత్రము గడ్డను కానక పోయినచో, ఆ పొరపాటునకు మూల్యము చెల్లించునది మన ఆడపడుచే. ఈ పరీక్షను ప్రభుత్వము విధిగా నెంచవలయును.