వానల్లో వచ్చిన ఎండాకాలం డబ్బా

ఎండాకాలం అంటే మన ఓరుగల్లులో శివరాత్రి దాటాక మొదలై, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలేదాకా. మృగశిర వచ్చిందంటే హమ్మయ్య అనుకుని మంచినీళ్ళ కుండ పక్కన పెట్టేస్తాం. జపాన్ వాళ్ళకు అసలు కథ అప్పుడే మొదలు. అక్కడ జూన్‌లో ముసురు, అది పోయాక జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత. అందుకే మా పెద్దమ్మాయి చందా కట్టి పంపించిన 'జపాన్ వేసవి చిరుతిళ్ళ డబ్బా' భద్రకాళి అమ్మవారికి శాకంబరి అలంకారాలు జరిగే ఆషాఢంలో, బయట చినుకులు పడుతుండగా మా హనుమకొండ ఇంటికి చేరింది.

చందా అంటే మీరు వారపత్రికకు కట్టే చందా లాంటిదేనండీ. పుస్తకానికి బదులు నెలకో డబ్బా వస్తుంది. పోస్టు ఖర్చుతో కలిపి ఒక్కో డబ్బాకు మూడున్నర వేల దాకా పడింది. కస్టమ్స్ సుంకం వేరే. మూడు నెలలకు కట్టేసి, "నువ్వే తిని చూసి రాయమ్మా" అంది అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో. తిన్నాం, రాస్తున్నాను.

డబ్బా తెరవగానే నోట్లో వేసుకోకండి. మా అత్తమ్మ మాంసం, చేప ముట్టరు. మన ప్యాకెట్ల మీద ఉన్నట్టు ఆకుపచ్చ చుక్క జపాన్ ప్యాకెట్ల మీద ఉండదు. చూడటానికి ఒట్టి బియ్యప్పిండి బిళ్ళే, కానీ రుచి కోసం ఎండుచేప పొడి కలిపి ఉండవచ్చు. 'కత్సువో' అంటే చేప, 'ఎబి' అంటే రొయ్య. సాగే జెల్లీ బిళ్ళల్లో తరచుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఇప్పుడు సెల్‌ఫోన్ కెమెరా పెడితే ఆ అక్షరాలు ఇంగ్లీషులోకి మారి కనిపిస్తాయి కాబట్టి మా చిన్నవాడు ఒక్కొక్కటే చదివి రెండు కుప్పలు పోశాడు. అత్తమ్మ కుప్పలో సగం కూడా మిగల్లేదు. ఇంట్లో శాకాహారులు ఉన్నవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఆ సగంలోనే ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. మెడ దగ్గర నొక్కు, లోపల పుల్లటి తెల్ల బిళ్ళలు. అత్తమ్మ చేతిలోకి తీసుకుని, "ఇది మన గోలీసోడ సీసనే కదా బిడ్డా! గింత దూరం నుంచి తెప్పించుకునుడెందుకు?" అన్నారు. నిజమే మరి. గోలీ మూత సీసాకు 1872లో పేటెంటు తీసుకున్నది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన. ఆ సీసా మన దేశానికీ వచ్చింది, జపాన్‌కూ పోయింది. కోబె రేవులో 1884లో అలెగ్జాండర్ సిమ్ అనే మందుల వ్యాపారి నిమ్మ సోడా అమ్మడం మొదలుపెడితే, 'లెమనేడ్' అన్న మాట జనం నోళ్ళలో నలిగి 'రామునే' అయింది. అక్కడ పిల్లలకు రామునే లేనిదే వేసవి లేదు. మన దగ్గర బండి మీద సోడా కొట్టేవాళ్ళు మాత్రం రానురాను తగ్గిపోయారు.

'సెంబే' అనే బియ్యప్పిండి బిళ్ళలు కరకరలాడాయి. వేయించినవి కావు, నిప్పుల సెగ మీద కాల్చి సోయా సాస్ పూసినవి. బాగానే ఉన్నాయి గానీ, ఎనుమాముల మిర్చి యార్డు ఉన్న ఊరి పిల్లలు కదా, "కారమేదమ్మా?" అని అడిగారు. నక్షత్రాల్లాంటి చక్కెర పలుకులు మన హోళీ చక్కెర పేర్ల రుచే. ఉప్పు బిళ్ళలు మాత్రం నాకు నచ్చాయి. చెమటలో పోయే ఉప్పు తిరిగి రావడానికి చప్పరిస్తారట. మనం మజ్జిగలో ఉప్పు వేసుకోవడం లాంటిదే.

అన్నిటికన్నా మేలైనది 'మిజు యోకాన్'. ఎర్ర చిక్కుడు గింజల ముద్దను జున్నులా గడ్డకట్టించిన తీపి. చూడగానే చల్లగా అనిపించాలన్నది అక్కడి వేసవి మిఠాయిల లెక్క. చల్లదనం మీద వాళ్ళకు ముచ్చట ఈనాటిది కాదు లెండి. సుమారు వెయ్యేళ్ళ క్రితం రాణివాసంలో పనిచేసిన సెయ్ షోనగాన్ అనే రచయిత్రి, కొత్త లోహపు గిన్నెలో తీపి పాకం పోసిన మంచు తురుము ఎంత బాగుంటుందో రాసిపెట్టింది. మన వేయిస్తంభాల గుడి (1163) అప్పటికింకా కట్టలేదు.

ఈ యోకాన్ గడ్డకట్టేది జెలటిన్‌తో కాదు, మన కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్‌తోనే. అది సముద్రపు నాచు, అత్తమ్మలు కూడా నిశ్చింతగా తినొచ్చు. చేసే పద్ధతి చెబుతాను. గ్లాసు ఎర్ర బొబ్బర్లు నానబెట్టి మెత్తగా ఉడికించి, జల్లెడలో రుద్ది పొట్టు తీసేయండి. ఆ ముద్దలో గ్లాసు పంచదార, చిటికెడు ఉప్పు వేసి కాసేపు ఉడికించండి. 10 గ్రాముల చైనా గ్రాస్‌ను రెండున్నర గ్లాసుల నీళ్ళలో అరగంట నానబెట్టి, ఒక్క పోగు కూడా మిగలకుండా కరిగేదాకా మరిగించి ముద్దలో కలపండి. గోరువెచ్చన అయ్యేదాకా కలుపుతూనే ఉండాలి, లేకపోతే ముద్ద అడుగుకు చేరి పైన నీళ్ళ పొర తేలుతుంది. తడిపిన పళ్ళెంలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ ఎందుకంటే, చైనా గ్రాస్ గడ్డకట్టేది 35, 40 డిగ్రీల మధ్య. మన మే నెలలో గదే అంత వేడిగా ఉంటుంది! కానీ ఒకసారి గట్టిపడితే 85 డిగ్రీల దాకా కరగదు కాబట్టి వడ్డించాక నీరు కారదు. పప్పు వంటకం కనుక రెండు రోజుల్లో తినేయాలి.

ఇంకోటి బార్లీ 'టీ'. పేరే టీ, ఆకు ఉండదు. బార్లీ గింజలు కాఫీ రంగు వచ్చేదాకా దోరగా వేయించి, లీటరు నీళ్ళకు రెండు పెద్ద చెంచాలు వేసి పది నిమిషాలు మరిగించి, వడకట్టి చల్లార్చడమే. జపాన్‌లో వేసవంతా ఇదే తాగుతారు. మన అంబలికి పోటీ రాదు గానీ, టీ మానలేని మావారికి మధ్యాహ్నాలు ఇదే ఇస్తున్నాను.

చందా సంగతి కూడా చెప్పాలి. ఇలాంటివి గడువు కాగానే కార్డు నుంచి మళ్ళీ డబ్బు లాగేసే రకాలు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2021 అక్టోబరు నుంచి, ఇలా తనంతట తాను కోసుకునే చెల్లింపుకు 24 గంటల ముందే బ్యాంకు మీకు కబురు పంపాలి, వద్దనుకుంటే ఆపే వీలూ ఇవ్వాలి. ఆ మెసేజి వస్తే కొట్టేయకుండా చదవండి. నన్నడిగితే, పిల్లల సరదాకి ఒక్క డబ్బా చాలు. ఆ డబ్బుకు మా ఊళ్ళో సకినాలు ఐదు కిలోలకు తక్కువ రావు.

ఆ డబ్బాలో నేను దాచుకున్నది తిండి కాదు, అడుగున పెట్టిన చిన్న పుస్తకం. ఏ చిరుతిండి ఏ ఊరిది, ఏ కుటుంబం ఎన్ని తరాలుగా చేస్తోంది, దేంతో చేస్తారు, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. మా వీధి చివర సకినాలు పోసి అమ్మే ఆమె చేతి వంట అమెరికా దాకా పోతుంది. వేలితో పిండి తిప్పుతుంటే చుట్టు మీద చుట్టు వరుస తప్పదు. ప్యాకెట్ మాత్రం ఒట్టి ప్లాస్టిక్ కవరు. దాని మీద ఊరు లేదు, తేదీ లేదు, పేరు లేదు.

ఆ పుస్తకం తీసుకెళ్ళి ఆమెకు చూపించాను. కొత్త బియ్యం, నువ్వులు, వాము, ఉప్పు, నూనె, చేసిన తేదీ, హనుమకొండ, చేసినవారి పేరు, ఇవన్నీ ఒక చీటీ మీద అచ్చు వేయిద్దామన్నాను. ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకుంటే వచ్చే 14 అంకెల నంబరు కూడా దాని మీదే వేయాలి. ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకూ అది తప్పనిసరి. అన్నీ విని, "పేరంటే మా ఆయనది ఎయ్యాల్నా అక్కా?" అంది.

"పిండి తిప్పేది ఎవరు?" అన్నాను.

రిజిస్ట్రేషన్ కాగితాలు వాళ్ళబ్బాయి నింపుతున్నాడు. సంక్రాంతి ఆర్డర్లకు ముందే చీటీలు అచ్చవ్వాలని చూస్తున్నాం. పేరు తెలుగులో పెద్దగా, ఇంగ్లీషులో చిన్నగా ఉండాలని ఆమె మాట.