మూడు చక్రాల బండికి అడుగు పళ్ళెం

ఇంజనీరు కనిపించగానే ఇంట్లోని మిక్సీ మొదలుకొని వీధి చివరి నీళ్ళ మోటారు వరకు అన్నిటి రోగాలూ ఏకరువు పెట్టడం మన కాలనీలో ఒక ఆచారం. ముప్పయ్యేళ్ళుగా ఈ ఆచారానికి అలవాటు పడిన నేను, గణాంక శాఖలో పనిచేసే మిత్రుడు ఒకనాటి ఉదయం క్యాంటీన్‌లో నా ఎదుట కూర్చుని "గురువుగారూ, నా బండి అడుగున ఒక పళ్ళెం బిగించిపెట్టాలండీ" అన్నప్పుడు ఏమంత ఆశ్చర్యపోలేదు. ఆ తరువాత ఆయన చెప్పిన సంగతి విన్నాక మాత్రం కాఫీ చల్లారిపోయింది.

ఆ మిత్రుని మీలో చాలామంది చూసే ఉంటారు. పసితనంలో పోలియో సోకడంతో రెండు కాళ్ళకూ బలం లేదు. ఇరువైపులా అదనపు చక్రాలు అమర్చిన గేర్లు లేని స్కూటరుపై ప్రతిదినం ఆఫీసుకు వస్తారు. లెక్కకు నాలుగు చక్రాలున్నా, లోకం ఎందుకో దానిని మూడు చక్రాల బండి అనే పిలుస్తుంది. నేనూ లోకాన్నే అనుసరిస్తాను. ఆయనకు ప్రయాణాలంటే అమితమైన ఇష్టం. సింహాచలం, భీమిలి సరేసరి, ఏటా చలికాలంలో భార్యను వెనుక కూర్చోబెట్టుకొని శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు దాకా వెళ్ళి వస్తారు. పోనూ రానూ 230 కిలోమీటర్ల పైమాట.

2022 డిసెంబరులో అలా తిరిగి వస్తుండగా, ఘాట్ దిగిన తరువాత ఒక పల్లె పొలిమేరలో, దీపం లేని చోట, ఏ గుర్తూ వేయని ఒక స్పీడ్ బ్రేకర్‌ను బండి దాటింది. అడుగున 'ఠక్' అన్న చప్పుడు. బండి ఆగలేదు గనుక ఆయనా ఆగలేదు. మూడు నాలుగు కిలోమీటర్లు పోయాక ఇంజను బిగుసుకొని నిలిచిపోయింది. ఆయిల్ తీసే బోల్టు తల విరిగి, దాని చుట్టూ ఉన్న కేసింగ్ బీటలు వారింది. ఆ ఇంజనులో ఉండేదే ముప్పావు లీటరు నూనె. అదంతా దారిపొడవునా ధారగా కారిపోయింది.

మనలాంటి వారికైతే అది ఒక చిరాకు. బండిని తోసుకుంటూ ఏ టీ కొట్టు దగ్గరికో చేరుకుంటాము. ఆయన బండి దిగలేరు, దిగినా తోయలేరు. సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. రెండున్నర గంటల సేపు ఆ చీకట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. చివరికి కూరగాయల వ్యానువాడు ఒకడు దయతలచి, మనుషులనూ బండినీ ఎక్కించుకొని దింపిపోయాడు. ఈ కథను ఆయన నవ్వుతూనే చెప్పారు. "ఇకమీదట అరకు వద్దంటోందండీ మా ఆవిడ" అన్నప్పుడు మాత్రం నవ్వు లేదు.

పళ్ళెం అన్న ఊహ ఆయనకు ఎక్కడ తట్టిందంటే, కెనడాలో ఉన్న మేనల్లుడు పంపిన ఫోటోలో. ఆ దేశంలో బి.ఆర్.పి. అనే సంస్థ 2007లో 'కాన్-యామ్ స్పైడర్' పేర ముందు రెండు, వెనుక ఒకటి చక్రాలు గల మోటారు వాహనాన్ని ప్రవేశపెట్టింది. దూరప్రయాణాల కోసం పెట్టెలూ, వెడల్పాటి సీటూ గల నమూనా కొద్ది కాలంలోనే వచ్చింది. అటువంటి బండ్ల యజమానులు రాళ్ళు, బురద లోపలికి ఎగజిమ్మకుండా పొట్ట కింద అల్యూమినియం పళ్ళేన్ని విడిగా కొని బిగించుకుంటారు. ఫోటోలో ఉన్నది అదే. ఇంజనును చట్రానికి కదలకుండా బిగించిన బండికి అది సులువైన పని. మన స్కూటరుకు అంత సులువు కాదని నాకు తెలిసి వచ్చింది కొంచెం ఆలస్యంగా.

పని మొదలుపెట్టే ముందు స్పీడ్ బ్రేకర్ సంగతి తేల్చుకోవాలి. స్పీడ్ బ్రేకర్ ఎత్తుగా ఉంటేనే బండి అడుగు తగులుతుందని మనమంతా అనుకుంటాము. అది సగమే నిజం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 99వ నంబరు ప్రమాణం 1988లో వచ్చింది. 2018లో దానిని సవరించారు. 1988 నాటి ప్రమాణంలో చెప్పిన గుండ్రని స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. పిల్లలెవరైనా ఈ వ్యాసం చదువుతూ ఉంటే ఈ మూడు అంకెలూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో పైథాగరస్ సిద్ధాంతంతో సరిచూసుకోవచ్చు. సరిపోతాయి.

ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ సుమారు 1.25 మీటర్ల దూరం గల స్కూటరు అటువంటి వంపుపైకి ఎక్కినప్పుడు, రెండు చక్రాలూ వంపు మీదే ఉంటాయి. ఆ రెంటి నడుమ నేల ఎంత ఉబ్బి పైకి వస్తుంది? ఆ దూరపు వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. 1.5625ను 136తో భాగిస్తే వచ్చేది 11.5 మిల్లీమీటర్లు. అంతే! పది సెంటీమీటర్ల ఎత్తు గల అడ్డంకి మన బండి పొట్టకు హరించే జాగా చిటికెన వేలి మందం.

ఇక మన పల్లెల్లో, వీధుల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో వెలిసే దిబ్బల సంగతి వేరు. వెడల్పు రెండడుగులకు మించదు. రెండు చక్రాల నడుమ ఆ దిబ్బ మొత్తం ఇమిడిపోతుంది. అప్పుడు దాని ఎత్తు ఎంతో అంతా బండి పొట్టకు నష్టమే. మిత్రుని బండిని తూకం రాళ్ళతో నింపి, అంటే భార్యాభర్తల బరువును, సామాను సంచిని లెక్కించి, కొలిచి చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి 150 మి.మీ. ఎత్తున ఉండే ఆయిల్ బోల్టు తల, బరువుతో 130 మి.మీ.కి దిగింది. ఆ పల్లెలోని దిబ్బ దానికంటె ఎత్తుదై ఉండాలి. దీనికి తోడు మామూలు స్కూటరువాడు అటువంటి దిబ్బను పక్కనుంచి, గండి ఉన్నచోట తప్పించుకుపోతాడు. లేదా ఐమూలగా ఎక్కిస్తాడు. పక్క చక్రాలున్న బండి ఆ పని చేయలేదు. ఒక పక్క చక్రం లేచిందంటే మనిషీ ఒరిగిపోతాడు. ఎదురుగా నిలువునా దాటవలసిందే.

పళ్ళెం దేనితో చేయాలన్నది తరువాతి ప్రశ్న. ఉద్యోగ విరమణ చేసి కాలనీ గేటు బయట చిన్న షెడ్డు నడుపుతున్న ఫిట్టర్ మేస్త్రి "రెండు మి.మీ. ఇనుప రేకు కొట్టి పారేద్దాం సార్" అన్నాడు. మాకు కావలసిన కొలత 420 మి.మీ. పొడవు, 300 మి.మీ. వెడల్పు. ఇనుముతో అయితే దాదాపు 2 కిలోలు. 3 మి.మీ. అల్యూమినియంతో అయితే ఒక్క కిలో. ఇక వంగకుండా నిలిచే గుణం మందం యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, అల్యూమినియం స్వభావతః ఇనుములో మూడో వంతు గట్టిదే అయినా, 3 మి.మీ. రేకు ఆ 2 మి.మీ. ఇనుముకు ఏమాత్రం తీసిపోదు, కొంచెం ఎక్కువే. పైగా సముద్రపు గాలి. ఇనుప రేకును రంగు ఎంతకాలం కాపాడుతుందో ఈ ఊరి బాల్కనీ గ్రిల్లులను అడగండి. ప్లాస్టిక్ రేకు వాడుదామని మిత్రుడు అన్నారు గాని, సైలెన్సర్ గొట్టం పక్కన దానిని పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

మెగ్నీషియం కలిసిన 5052 రకం రేకు తెప్పించాము. ముందు అంచును పడవ ముక్కులాగా పైకి వంచాము. ఈ వంపే పళ్ళేనికి ప్రాణం. అది లేకపోతే పళ్ళెం దిబ్బను గొడ్డలిలా ఢీకొంటుంది. ఉంటే జారుకుంటూ ఎక్కుతుంది. వంపును మాత్రం పదునైన మూలగా కొట్టరాదు. అల్యూమినియం అక్కడే చిట్లుతుంది. ఒక గొట్టపు ముక్కపై గుండ్రంగా తిప్పాలి. చట్రానికి రంధ్రం వేయకుండా, ముందు రెండు, వెనుక రెండు యు-క్లాంపులతో పట్టించాము. ఇనుమూ అల్యూమినియమూ ఉప్పు గాలిలో నేరుగా తాకితే అల్యూమినియం తినివేయబడుతుంది గనుక నడుమ రబ్బరు బుష్‌లు పెట్టాము. బోల్టు తలలు రేకు అడుగు మట్టానికి దిగువకు రాకుండా గుంటలలో కూర్చోబెట్టాము. లేకపోతే నాలుగు స్పీడ్ బ్రేకర్లకే తలలు అరిగి, మళ్ళీ ఏ స్పానరుకూ లొంగవు.

ఇక నా పొరపాటు.

నేల నుంచి ఎత్తు ఏమాత్రమూ పోగొట్టుకోకూడదన్న పిసినారితనంతో, ఇంజను కేసింగ్‌కూ పళ్ళేనికీ నడుమ 10 మి.మీ. సందు మాత్రమే ఉంచాను. మిత్రుని బండిపై కూర్చోబెట్టి కొలిచి, సంతృప్తిపడి, పంపించాను. మరునాటి ఉదయమే ఆయన వచ్చి "గుంటలో పడినప్పుడల్లా లోపల ఎవరో సుత్తితో కొడుతున్నారండీ" అన్నారు.

తప్పు ఎక్కడుందో పది నిమిషాలలో తెలిసింది. పదిహేను రోజుల ముందే తెలియవలసింది. ఈ స్కూటర్లలో ఇంజను చట్రానికి బిగించబడి ఉండదు. వెనుక చక్రంతో కలిసి ఒకే ముద్దగా, ముందున్న ఇరుసుపై ఊగుతూ ఉంటుంది. పళ్ళేన్ని నేను చట్రానికి బిగించాను. చక్రం పైకి లేస్తే ఇంజను పళ్ళేనికి దూరమవుతుంది. చక్రం గుంటలోకి దిగితే దగ్గరవుతుంది. మామూలు స్కూటరులో చక్రం గుంటలో పడితే బండీ దానితో దిగుతుంది. ఇక్కడ రెండు పక్క చక్రాలు చట్రాన్ని పైన నిలబెట్టి ఉంచుతాయి. నడుమ చక్రం, దానితో ఇంజను, కిందికి వేలాడుతాయి. మనిషిని కూర్చోబెట్టి కాదు, పక్క చక్రాలను దిమ్మలపై నిలిపి, వెనుక చక్రాన్ని గాలిలో వదిలి కొలవాలి. అలా కొలిస్తే ఆ చోట ఇంజను 20 మి.మీ. పైగా కిందికి వచ్చింది.

సందును 25 మి.మీ.కి పెంచాము. కేసింగ్‌కంటె కిందికి పొడుచుకు వచ్చే ఆయిల్ బోల్టు కోసం పళ్ళెంలో 60 మి.మీ. వ్యాసం గల గుండ్రని కన్నం కోశాము. దానివల్ల పళ్ళెం ఊడదీయకుండానే నూనె మార్చుకోవచ్చునన్నది అదనపు లాభం. నీరూ మట్టీ నిలవకుండా వెనుక భాగంలో మూడు పొడవాటి చీలికలు చేశాము. పక్కలు మూయలేదు. గాలి ఫ్యానుతో చల్లబడే ఇంజనుకు ఊపిరి ఆడనీయాలి కదా! సైలెన్సర్ గొట్టం దరిదాపులకు రేకును పోనీయలేదు. అక్కడ ఎండుటాకు ఒకటి చిక్కుకున్నా ప్రమాదమే.

అన్నీ అయ్యాక పళ్ళెం అడుగు మట్టం నేలకు 117 మి.మీ. వచ్చింది. అంటే బోల్టు తలకంటె 13 మి.మీ. కిందికి. మిత్రుడు గణాంక శాఖ మనిషి గదా, టేపు తానే పట్టుకొని చూసి, "రక్షణ అని చెప్పి నేలకు ఇంకా దగ్గర చేశారేమిటండీ?" అని నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మునుపు తగలని కొన్ని దిబ్బలు ఇకమీదట తగులుతాయి. తేడా ఏమంటే, మునుపు తగిలేది నూనెను ఆపి ఉంచే ఒకే ఒక్క బోల్టు. ఇప్పుడు తగిలేది నాలుగు క్లాంపులపై బరువు పంచుకునే రేకు. గీతలు పడతాయి. పడనివ్వండి, అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మూడు రోజులు ఆలోచించి, ఆపైన ఒప్పుకున్నారు. ఆ మూడు రోజులూ నాకు కూడా నిద్ర సరిగా పట్టలేదని ఇప్పుడు చెప్పుకుంటే తప్పు లేదు.

ఇటువంటి పని చేయించుకోదలచినవారికి ఒక మాట. వాహనంలో చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వర్తిస్తుంది. పక్క చక్రాలు అమర్చిన సంగతి రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉన్నదో లేదో మొదట చూసుకోండి. పళ్ళెం బిగించుకోవాలన్నా ముందుగా రవాణా శాఖ వారిని అడగడమే మంచిది. మేమూ అడిగాకనే పని మొదలుపెట్టాము.

బిగించిన వారానికి, తరువాత నెలకు, ఆపైన నూనె మార్చినప్పుడల్లా క్లాంపులను ఒకసారి బిగించి చూడాలి. రబ్బరు బుష్‌లు నలిగి వదులవుతాయి. వాటి లోపల చిన్న ఇనుప గొట్టపు ముక్క పెడితే ఆ బాధ తగ్గుతుందని మేస్త్రి చెప్పాడు. అతను చెప్పినదే నిజమైంది.

మరుసటి చలికాలంలో దంపతులిద్దరూ అరకు వెళ్ళి వచ్చారు. వచ్చిన ఆదివారం మేస్త్రి షెడ్డులో బండిని దిమ్మలపై ఎక్కించి, నేలపై గోనె పరచుకొని పడుకొని చూశాను. ముందు వంపు మీద పదకొండు గీతలు. ఒకటి మాత్రం గోరు దిగేటంత లోతు. బోల్టు తలపై ధూళి తప్ప మరేమీ లేదు. మిత్రుని భార్య పక్కనే నిలబడి, "ఆ లోతైన గీత ఆ పల్లెలోదే అన్నగారూ, చప్పుడు గుర్తుంది నాకు" అన్నారు. ఈసారి అక్కడ బండి ఆపి, టార్చి వేసి చూసుకొని, ఆ తరువాతే కదిలారట.