వ్యాయామయంత్రము – ఇల్లాలి అరగంట

మా దుత్తలూరు వంటి మెట్టప్రాంతపు ఊళ్లలో కూడా ఇప్పుడు వ్యాయామయంత్రాల ప్రస్తావన వినబడుతున్నది. నెల్లూరులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే బిడ్డలు, ఇంటివద్ద ఉన్న తల్లి కొరకు ట్రెడ్‌మిల్లు కొనాలా, సైకిలు కొనాలా అని ఆలోచిస్తున్నారు. దేనివల్ల మేదస్సు త్వరగా కరుగుతుందన్నది వారి సందేహం.

సందేహం సహేతుకమైనదే. పల్లెలనూ పట్టణాలనూ కలిపి జరిపిన ఐ.సి.ఎం.ఆర్. – ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. మన దేశపు వయోజనులలో నూటికి 39.5 మందికి పొట్టచుట్టు కొవ్వు అధికమని, 11.4 మందికి మధుమేహమని అందులో తేలినది. కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. రోలు, రోకలి, తిరగలి, బావిచేద – ఇవన్నీ ఒకనాటి ఇంటి వ్యాయామసాధనాలే. వాటి స్థానంలో మిక్సీ, మోటారు వచ్చినవి. జొన్నసంకటి పోయి మూడుపూటలా తెల్లబియ్యం వచ్చినది. చాకిరీ తగ్గినందుకు విచారించవలసిన పని లేదు. తగ్గిన శ్రమకు తగినట్లు భోజనం తగ్గకపోవడమే చిక్కు.

ఇక యంత్రాల తారతమ్యం. శ్రమ సమానంగా తోచినప్పుడు ఏ యంత్రం మీద ఎక్కువ శక్తి ఖర్చవుతుందో పరీక్షించి, 1996లో అమెరికన్ వైద్యసంఘపు పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో ట్రెడ్‌మిల్లుదే పైచేయి. అయితే పరీక్షకు నిలిచినవారు ఆరోగ్యవంతులైన యువజనులు. యాభైయ్యేళ్లు దాటి, మోకాళ్లు నొప్పులు పెడుతున్న గృహిణికి ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించరాదు. పైగా ట్రెడ్‌మిల్లుకు కరెంటు కావలెను. నడుస్తుండగా కరెంటు పోయి పట్టీ ఠక్కున ఆగితే తూలిపడే ప్రమాదమున్నది. చెడిపోతే బాగుచేసేవాడు పట్టణం నుండి రావలసినదే.

పడవ తెడ్డు వేసినట్లు లాగే రోయింగు యంత్రం కాళ్లకు, వీపుకు, చేతులకు ఒకేసారి పని కల్పిస్తుంది. కాని నేలకు దగ్గరగా ఉండే ఆ పీటమీద కూర్చుని లేవడం, నడుంనొప్పి ఉన్నవారికి కష్టం. ఎలిప్టికల్ అనే దానిలో పాదం మెట్టును విడిచి లేవదు గనుక కీళ్లకు అదురు తక్కువ; వెలా ఎక్కువ, అది ఆక్రమించే చోటూ ఎక్కువ.

కదలని సైకిలు సంగతి వేరు. దేహభారాన్ని సీటు మోస్తుంది గనుక మోకాళ్లకు సుఖం. అయస్కాంతంతో బిగింపు కల్పించే రకానికి తొక్కడానికి కరెంటు అక్కరలేదు. వసారాలో ఒక మూలన సరిపోతుంది. బిగింపు లేకుండా ఊరకే కాళ్లాడిస్తే మాత్రం ఫలితం స్వల్పం. చీరకుచ్చెళ్లు పెడలులో చిక్కుకోగలవు గనుక ఆ కాసేపు చుడీదారు ధరించడం మేలు. మన ఇళ్లకు, మన వయసులకు సైకిలే తగినదని నా అభిప్రాయం.

ఏ యంత్రమైనా లెక్క ఒక్కటే. అరవై కిలోల మనిషి అరగంట చురుకుగా నడిస్తే అదనంగా ఖర్చయ్యేది సుమారు 100 కాలరీలు. చట్నీ లేని రెండు ఇడ్లీల విలువ. కిలో కొవ్వులో ఉండేవి సుమారు 7,700 కాలరీలు. అనగా ఒక్కరోజు మానకుండా రెండున్నర నెలలు. అన్నం తగ్గించక యంత్రాన్ని నమ్ముకొనడం చిల్లికుండలో నీరు పోయడమే. పొట్ట కదలినంత మాత్రాన పొట్టకొవ్వే ముందు కరుగుతుందనడమూ భ్రమ. తెరమీద కనబడే కాలరీల అంకెను కూడా పూర్తిగా విశ్వసించరాదు.

ఎంత చేయవలెను? వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యరకం శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని, శ్వాస నోటికి రావడం ఆ సగానికి గుర్తని సుశ్రుతసంహిత నిర్దేశించినది. మాట్లాడగలిగి, పాడలేనంత ఆయాసం చాలునని నేటివారు చెప్పేది దీనికి దగ్గరగానే ఉన్నది. రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు మొదట వైద్యుని సంప్రదించవలెను.

ట్రెడ్‌మిల్లు పూర్వరూపాన్ని 1818 ప్రాంతంలో ఇంగ్లండులో ఖైదీల కొరకు ప్రవేశపెట్టారు. 1895లో ఆస్కార్ వైల్డు అంతటి రచయిత చెరసాలలో దానిని తొక్కవలసి వచ్చినది. శిక్షగా తోచిన వ్యాయామం నాలుగునాళ్లకు మించి సాగదు. అందుకే ఎన్నో ఇళ్లలో ఈ యంత్రాలు బట్టలు ఆరవేసుకొనే దండేలుగా పరిణమిస్తున్నవి.

ఆ నిందను ఇల్లాలి బద్ధకం మీద వేయడం అన్యాయం. ఉదయగిరి రోడ్డు మీద తెల్లవారుజామున నడిచేవారిలో మగవారే అధికం. ఆ వేళకు ఆమె పాలు కాచి, టిఫినుకు పిండి కలుపుతూ ఉంటుంది. వీధిలోకి వస్తే చూసేవారి కళ్లు, అనేవారి నోళ్లు వేరే ఉన్నవి. ఇంటిలో యంత్రం ఉండవలసిన అవసరం నిజానికి ఆమెకే. కాని యంత్రం కొనిచ్చినవారు, దానిపై కూర్చొనే అరగంటను ఇవ్వడం మరచిపోతున్నారు. సైకిలు ఎక్కిన మూడో నిమిషానికి "అమ్మా, నా చొక్కా ఎక్కడ?" అని కేకవేస్తే అది ఎవరికి ఉపకరించినట్లు?

కొనదలచిన బిడ్డలారా, వెల అడిగే ముందు ఈ లెక్క తేల్చుకొనండి: రోజుకు ఆ అరగంటసేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు? దానికి సమాధానముంటే ఏ సాధారణమైన సైకిలైనా చాలును. లేకుంటే లక్షరూపాయల యంత్రమైనా ఒక దండెమే.