"మిసెస్" చాటున పోయిన పేరు

ఇంగ్లీషు రానివాళ్ల నోట కూడా అలవోకగా వచ్చే ఇంగ్లీషు మాట "మిసెస్". పెళ్లయిన స్త్రీని గౌరవంగా పిలిచే మాట, అంతే కదా అనుకుంటాం. కానీ పాత ఇంగ్లీషు పత్రికలు ఈ మాటను వాడిన తీరు చూస్తే, గౌరవిస్తూనే ఒక మనిషి పేరును ఎలా మాయం చెయ్యొచ్చో తెలుస్తుంది.

నిజానికి మొదట్లో ఈ మాటకీ పెళ్లికీ సంబంధం లేదు. "మిస్ట్రెస్" అనే పదానికి ఇది పొట్టిరూపం. ఇంటిమీదో, వ్యాపారం మీదో పెత్తనం ఉన్న స్త్రీ అని అర్థం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో సొంతంగా దుకాణం నడుపుకునే అవివాహితను కూడా మిసెస్ అనేవారు. తరువాత తరువాత అది పెళ్లికి గుర్తయింది. అక్కడితో ఆగిందా? లేదు. దాని పక్కన భర్త పేరు మొత్తంగా వచ్చి కూర్చుంది. జాన్ స్మిత్‌గారి భార్య "మిసెస్ జాన్ స్మిత్" అయిపోయింది. ఆవిడ మేరీయో, ఆలిసో ఎవరికీ అక్కర్లేకపోయింది.

అమెరికా పత్రికల్లో ఇది ఏళ్ల తరబడి మామూలు పద్ధతి. సభకు అధ్యక్షత వహించినా, ఆస్పత్రికి విరాళాలు పోగుచేసినా, వార్తలో ఆవిడ మిసెస్ ఫలానాయే. ఇప్పుడెవరైనా తమ అమ్మమ్మ చేసిన మంచిపని కోసం ఆ పాత కాగితాలు తిరగేస్తే, దొరికేది తాతగారి పేరే!

పేరున్నవాళ్లకూ ఇది తప్పలేదు. అమీలియా ఇయర్‌హార్ట్ 1932లో ఒంటరిగా విమానం నడిపి అట్లాంటిక్ దాటిన మొదటి మహిళ. అంతకు ముందు ఏడాదే ఆమెకు జార్జి పుట్నంతో పెళ్లయింది. ఆమె మాత్రం తన పేరు తనే ఉంచుకుంది. అయినా న్యూయార్క్ టైమ్స్ తన నియమం ప్రకారం "మిసెస్ పుట్నం" అనే రాసింది. సముద్రం దాటింది ఒకరు, పేపర్లో పడింది ఇంకొకరి పేరు!

1984లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జెరాల్డిన్ ఫెరారోది ఇంకో చిక్కు. అది పుట్టింటి పేరు, భర్త ఇంటిపేరు జకారో. మిస్ అందామంటే పెళ్లయింది, మిసెస్ ఫెరారో అందామంటే ఆమె భర్త ఫెరారో కాడు. పెళ్లి ప్రసక్తి లేని "మిజ్" అనే మాటను స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ అనే పత్రిక 1901లోనే సూచించింది. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఒప్పుకున్నది 1986 జూన్‌లో. మగవారికి మాత్రం పెళ్లికి ముందూ, తరువాతా ఒకటే "మిస్టర్". దానికి ఏ చిక్కూ రాలేదు.

మన తెలుగు పత్రికల సంప్రదాయం ఈ విషయంలో కొంత నయం. 1902లో "హిందూ సుందరి"లో కథ రాసిన భండారు అచ్చమాంబకు ఇంటిపేరు అత్తవారిదే అయినా, అచ్చమాంబ అచ్చమాంబగానే మిగిలింది. ఇంగ్లీషు పేపర్లు "మిసెస్ గాంధీ" అని రాస్తున్న రోజుల్లో తెలుగు పేపర్లు "శ్రీమతి ఇందిరాగాంధీ" అని రాశాయి.

అయితే ఇంగ్లీషువాళ్లు వదిలించుకున్న అలవాటును మనం ముచ్చటపడి తెచ్చుకున్నాం. కాలనీల్లో, లేడీస్ క్లబ్బుల్లో "మిసెస్ రావు"లు ఎంతమందో! రావు ఇంటిపేరు కూడా కాదు, ఆయన పేరుకి తోక. శుభలేఖల్లో, గుడి గోడమీది దాతల పలకల్లో "శ్రీమతి అండ్ శ్రీ వెంకటేశ్వరరావు" అని చెక్కేస్తాం. ఆ శ్రీమతి ఎవరో మునిమనవరాలికి ఎలా తెలుస్తుంది?

భర్త పేరు పక్కన ఉండటంలో తప్పేమీ లేదు. మన పేరు లేకపోవడంలోనే ఉంది. ఈసారి శుభలేఖ అచ్చుకిచ్చేటప్పుడు, చందా రసీదు రాయించేటప్పుడు, అమ్మ పెట్టిన ఆ పేరు కూడా పూర్తిగా చెప్పండి. ఒక్క మాట ఎక్కువ పడితే ప్రెస్సువాడు ఏమీ అనుకోడు లెండి!